రిపోర్టులన్నీ నార్మలే, మంట మాత్రం పోలేదు

ప్రశ్న: అక్కా, మాది రాయదుర్గం. నాకు 27 ఏళ్లు. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో మిషన్ మీద పని చేస్తాను. పెళ్లయి మూడేళ్లయింది. రెండేళ్ల కిందట జ్వరానికి యాంటీబయాటిక్స్ వాడాక తెల్లబట్ట, దురద మొదలయ్యాయి. మెడికల్ షాపులో ట్యూబు ఇచ్చారు, తగ్గింది. మళ్లీ వచ్చింది, మళ్లీ ట్యూబు. ఇట్లా చాలాసార్లు జరిగింది. ఇప్పుడు తెల్లబట్టా లేదు, దురదా లేదు. కానీ కింద ద్వారం దగ్గర ఒకటే మంట. మిషన్ ముందు గంట కూర్చోలేను. మా ఆయన దగ్గరికొస్తే కోసినట్టుంటుంది. అనంతపురంలో చూపించాం, బళ్లారిలో చూపించాం. యూరిన్, స్వాబ్ (కింద తడి తీసి చేసే పరీక్ష), స్కానింగ్ అన్నీ నార్మల్. ఒక డాక్టరు ఇన్‌ఫ్లమేషన్ ఉందన్నారు. ఇంకొకరు ఏమీ లేదు, టెన్షన్, పిల్లలు పుడితే పోతుందన్నారు. మా అత్త ఒంట్లో వేడి అని కారం మాన్పించింది. ఫోన్‌లో చూస్తే చెనక్కాయలు, పాలకూర తినకూడదని ఉంది. అసలు ఇన్‌ఫ్లమేషన్ ఉందా, లేదా? ఇది క్యాన్సరా? నాకు పిల్లలు పుడతారా? పేరు వేయొద్దు అక్కా.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

ముందు క్యాన్సర్ సంగతి. నువ్వు రాసిన దాంట్లో క్యాన్సర్‌ని అనుమానించాల్సింది ఏదీ లేదు. గడ్డ, మానని పుండు, రంగు మారిన మచ్చ, నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపించడం, ఇలాంటివి ఉంటే వేరే మాట. పిల్లల సంగతి కూడా అంతే. ఈ మంట గర్భసంచినీ అండాశయాలనీ తాకదు. కలయిక కష్టమవుతోంది కాబట్టి గర్భం ఆలస్యమవుతూ ఉండొచ్చు గానీ ఈ మంట వల్ల పిల్లలు పుట్టకుండా పోరు.

యోని ద్వారం చుట్టూ మంట, నొప్పి మూడు నెలలు దాటి ఉండి, పరీక్షల్లో ఫలానా జబ్బు అని తేలకపోతే దాన్ని వల్వోడీనియా అంటాం. ఇది అరుదైన సంగతేమీ కాదు. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల ఆడవాళ్లను అడిగి 2003లో లెక్క తీస్తే, దాదాపు 16 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మూడు నెలలకు పైగా ఇలాంటి మంటో నొప్పో పడ్డామన్నారు. మన దగ్గర ఎవరూ బయటకు చెప్పుకోరు, అందుకే నీ ఒక్కదానికే వచ్చిందనిపిస్తోంది.

ఇక అసలు ప్రశ్న. ఇన్‌ఫ్లమేషన్ ఉందా, లేదా? నిన్ను చూసిన ఇద్దరు డాక్టర్లూ చెరి సగం నిజం చెప్పారు. ఈ కథ ఇన్‌ఫ్లమేషన్‌తోనే మొదలై ఉంటుంది. ఇప్పుడు దాన్ని నడిపిస్తున్నది మాత్రం చాలావరకు అది కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే ట్యూబు మీద ట్యూబు పూస్తూ రెండేళ్లు గడిచిపోయాయి.

ఒంట్లోకి క్రిమి చేరినా, గాయమైనా, పడని రసాయనం తగిలినా అక్కడికి రక్తం ఎక్కువ చేరుతుంది, రక్షణ కణాలు వస్తాయి, అవి కొన్ని రసాయనాలు వదులుతాయి. ఇదే ఇన్‌ఫ్లమేషన్. ఎర్రబడటం, వాయడం, వెచ్చబడటం, నొప్పి పుట్టడం అన్నీ దాని పనే. పని అయ్యాక అది సర్దుకోవాలి. నీకు మొదట వచ్చింది బహుశా క్యాండిడా అనే ఈస్ట్, అంటే ఒక రకం బూజు క్రిమి. యాంటీబయాటిక్స్ యోనిలో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తాయి, ఆ సందులో ఈస్ట్ పెరుగుతుంది. ఇంతవరకు మామూలే, చాలామందికి వచ్చి పోయేదే.

కొందరిలో ఆ ఇన్‌ఫ్లమేషన్ సర్దుకోదు. ఎందుకని వెతికితే కొన్ని ఆసక్తికరమైన సంగతులు బయటపడ్డాయి. ద్వారం చుట్టూ ఉండే సన్నటి వలయం బయటి చర్మం లాంటిది కాదు. అక్కడి కణాలను తీసి పరిశోధనశాలలో పెంచి, కాస్త ఈస్ట్ తగిలిస్తే, బయటి చర్మం కణాల కంటే చాలా ఎక్కువగా ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలను వదిలాయి. నొప్పి ఉన్న ఆడవాళ్ల నుంచి తీసిన కణాలైతే ఇంకా ఎక్కువ. స్వాబ్ పరీక్షకు అందనంత కొద్ది ఈస్ట్‌కు కూడా ఆ చోటు రేగిపోవచ్చన్నమాట. 2004లో ఇజ్రాయెల్ డాక్టర్లు నొప్పి ఉన్నవాళ్ల ముక్క పరీక్షల్లో మాస్ట్ కణాలు ఎక్కువగా ఉండటం చూశారు. ఎలర్జీ వచ్చినప్పుడు తుమ్ములు, దద్దుర్లు తెప్పించే కణాలే అవి.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది 2011లో ఎలుకల మీద చేసిన పరిశోధన. ఆడ ఎలుకలకు పదేపదే క్యాండిడా తెప్పించి, ప్రతిసారీ మందుతో పూర్తిగా తగ్గించారు. క్రిమి పోయింది, ఇన్‌ఫ్లమేషన్ కూడా పోయింది. అయినా వాటిలో కొన్నింటికి అక్కడ సన్నటి దారం తాకినా ఓర్వలేని స్థితి వారాల తరబడి ఉండిపోయింది. ఆ చోటు కోసి చూస్తే నరాల పోగులు ముందుకంటే ఎక్కువయ్యాయి. నరాలు ఇలా పెరగడాన్ని మనుషుల్లో అంతకు ముందే, 1998లో, స్వీడన్ వాళ్లు చూశారు. నీ కథకూ ఆ ఎలుకల కథకూ పోలిక నీకే తెలుస్తోంది కదా?

ఇన్‌ఫ్లమేషన్ వచ్చి పోతూ పోతూ నరాలను రెచ్చగొట్టి పోయింది. మన వైపు మిరప కళ్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్లను అడుగు. రాత్రికి చేతులు మండుతాయి. చూస్తే బొబ్బ లేదు, పుండు లేదు, ఎరుపు కూడా పెద్దగా ఉండదు. గోరువెచ్చని నీళ్లు తగిలితే మాత్రం భగ్గుమంటుంది. మిరప ఘాటు చర్మాన్ని కాల్చదు, వేడిని పసిగట్టే నరాల తలుపు తడుతుంది, అంతే. ఆ తలుపును కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వల్వోడీనియా ఉన్నవాళ్ల చర్మంలో సరిగ్గా అలాంటి తలుపులున్న నరాలే ఎక్కువగా ఉన్నాయని 2004లో తేలింది. అందుకే నీకు మంట నిజం, రిపోర్టులో ఏమీ లేకపోవడమూ నిజం. స్కానింగ్‌లో నరాల పోగులు కనపడవు, స్వాబ్‌లో కనపడవు, యూరిన్‌లో అసలే కనపడవు.

‘నార్మల్’ అన్న డాక్టరు చెప్పింది రిపోర్టు గురించి. అది నీ గురించి చెప్పినట్టు ఇంటికి చేరింది. మా డాక్టర్లలో ఈ దురలవాటు ఉందని ఒప్పుకోవాలి. చూస్తే ఏదీ కనపడకపోతే టెన్షన్ అని రాసేస్తాం. టెన్షన్ నొప్పిని పెంచుతుంది, నిజమే. నొప్పి కూడా టెన్షన్ తెస్తుంది. అంతమాత్రాన ఇది మనసు పుట్టించిన జబ్బు కాదు.

ఇంకొకటి ఉంది, కండరాలు. మూత్రం ఆపుకోవడానికి బిగబట్టే కండరాలు ఉన్నాయి చూడు, కటి అడుగున ఉయ్యాల గుడ్డలా పరుచుకుని ఉంటాయి. నొప్పి వస్తుందన్న భయంతో అవి తెలియకుండానే బిగుసుకుంటాయి. బిగుసుకుంటే ద్వారం ఇరుకవుతుంది, రాపిడి ఎక్కువవుతుంది, మళ్లీ నొప్పి, మళ్లీ బిగుసుకోవడం. నువ్వు రాయలేదు గానీ ఒకటి అడుగుతాను. యూనిట్‌లో మాటిమాటికి లేవడానికి మొహమాటపడి నీళ్లు తక్కువ తాగుతున్నావా? ఒంటికి వచ్చినా మధ్యాహ్నం బ్రేక్ దాకా ఆపుకుంటున్నావా? అయితే ఆ కండరాలు రోజంతా డ్యూటీలో ఉన్నట్టే. ఈ ఒక్క అలవాటు మానితే కొందరికి కొంత తేడా తెలుస్తుంది.

సరే, ఇప్పుడు ఏం చేయాలి?

మొదటిది, ఎవరైనా ఆ చోటును వెలుతురులో సరిగ్గా చూశారా? చాలామందికి స్పెక్యులమ్ (ద్వారం తెరిచి లోపల చూసే పరికరం) పెట్టి లోపల చూసి, స్కానింగ్ రాసి పంపేస్తారు. నొప్పి బయట ద్వారం దగ్గరుంటే లోపల వెతికితే ఏం దొరుకుతుంది? వల్వోడీనియా అని అనుకునే ముందు నిజంగా ఇన్‌ఫ్లమేషన్‌తో నడిచే చర్మ జబ్బులు కొన్ని లేవని చూసుకోవాలి. లైకెన్ స్క్లెరోసస్ అయితే చర్మం తెల్లగా, పలచగా మారుతుంది, రాత్రిళ్లు దురద ఎక్కువ. దీనికి ఘాటైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంటే సరైన మందు. వదిలేస్తే కొద్దిమందిలో ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కి దారి తీయొచ్చు, మందు సరిగ్గా వాడితే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. లైకెన్ ప్లేనస్ అయితే ద్వారం దగ్గర పచ్చిగా ఎర్రగా ఉంటుంది, చాలామందికి నోట్లో కూడా పుండ్లుంటాయి. సబ్బుకో ప్యాడ్‌కో పడక వచ్చే ఎగ్జిమా ఉంది. నీటిబుగ్గల్లా వచ్చి పోయే హెర్పిస్ ఉంది. బాలింతల్లో, నెలసరి ఆగినవాళ్లలో ఈస్ట్రోజన్ హార్మోను తగ్గి పొడిబారి మండటం ఉంది. లైకెన్, ఎగ్జిమా అయితే ఇన్‌ఫ్లమేషన్ ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి దాన్ని అణిచే మందే ఇవ్వాలి, మిగతావాటికి దేని మందు దానికే ఉంటుంది. నీ సంగతి అది కాకపోవచ్చు, కానీ చూడకుండా కొట్టిపారేయకూడదు. ఈస్ట్ పదేపదే వచ్చింది కాబట్టి షుగర్ పరీక్ష కూడా చేయించుకో. ఆ వయసుకే షుగరా అనుకోకు, చిన్న వయసులోనే షుగర్ వస్తున్నవాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు.

ఆ తర్వాత దూది పుల్ల పరీక్ష. ఇందులో యంత్రాలేమీ లేవు, ఖర్చూ లేదు. చెవి శుభ్రం చేసుకునే లాంటి దూది పుల్లను తడిపి, తొడ లోపలి వైపు నుంచి మొదలుపెట్టి, మెల్లగా ద్వారం అంచు దాకా ఒక్కో చోటా తాకుతూ ‘ఇక్కడ ఎంత?’ అని అడుగుతారు. ద్వారాన్ని గడియారం ముఖం అనుకుంటే ఎక్కువమందికి కింది భాగంలో, అంటే నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య, నొప్పి పలుకుతుంది. బయటి చర్మం మీద ఏమీ ఉండదు, అర సెంటీమీటరు లోపలికి జరగ్గానే ఎగిరిపడతావు. నొప్పి అక్కడే ఉందని డాక్టరుకు తెలుస్తుంది, నీకూ తెలుస్తుంది. తర్వాత గ్లవ్ వేసుకున్న ఒక్క వేలితో లోపలి కండరాలను నొక్కి బిగుతు చూస్తారు. నొప్పి ఓర్వలేకపోతే ‘ఆపండి’ అను. ఆపాలి, అది వాళ్ల బాధ్యత. అద్దం పట్టుకుని నువ్వూ చూస్తానంటే ఇవ్వమను. లేడీ డాక్టరు కావాలని, లేదంటే పక్కన నర్సమ్మ ఉండాలని అడిగితే తప్పేమీ లేదు.

ఎక్కడికెళ్లాలి? రాయదుర్గం నుంచి మీకు బళ్లారి దగ్గర, కానీ అక్కడ ఒకసారి అయింది. అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనూ, కర్నూలు పెద్దాసుపత్రిలోనూ గైనిక్‌తో పాటు చర్మవ్యాధుల విభాగం, ఫిజియోథెరపీ ఒకే చోట ఉంటాయి. నాకైతే ఇలాంటి కేసుకు చర్మ డాక్టరు కూడా చూడటం మంచిదనిపిస్తుంది. ఆ ఓపీకి డీవీఎల్ అని బోర్డుంటుంది, అందులో సుఖవ్యాధుల మాట కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆడవాళ్లు అటు వైపు పోవడానికి సిగ్గుపడతారు. గజ్జికీ తామరకూ వచ్చేవాళ్లూ అదే వరుసలో కూర్చుంటారు, ఎవరూ ఎవరినీ అడగరు. ప్రభుత్వాసుపత్రిలోని సురక్ష క్లినిక్‌లో తెల్లబట్టకు ఆకుపచ్చ రంగు కిట్ ఉచితంగా ఇస్తారు. అది తెల్లబట్ట ఉన్నప్పటి మందు. ఇప్పుడు నీకు తెల్లబట్ట లేదు, మంట మాత్రమే ఉందని గట్టిగా చెప్పు. లేకపోతే ఇంకో కిట్ చేతిలో పెట్టి పంపే అవకాశం ఉంది.

రెండోది, ట్యూబు. ఇంట్లో ఉన్న ట్యూబు తెచ్చి దాని వెనక చిన్న అక్షరాలు చదువు. చాలావాటిలో మూడు మందులు కలిసి ఉంటాయి. ఈస్ట్‌ని చంపే క్లోట్రిమజోలో మైకోనజోలో ఒకటి, నియోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఒకటి, క్లోబెటసాల్ లాంటి ఘాటైన స్టెరాయిడ్ ఒకటి. స్టెరాయిడ్ వల్ల రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, అందుకే మందు బాగా పని చేసిందనుకుంటాం. అవసరం లేని చోట నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, మానేయగానే ఎర్రబడి మంట తిరగబెడుతుంది, ఈస్ట్ కూడా దాని చాటున పెరుగుతుంది. నియోమైసిన్‌కు ఎలర్జీ కొందరికి ఉంటుంది. క్రీము మెత్తగా ఉండటానికి కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ కూడా ఆ చోట మండిస్తుంది. అంటే ఇన్‌ఫ్లమేషన్ తగ్గించుకోవడానికి పూసేదే కొత్త ఇన్‌ఫ్లమేషన్ తేవచ్చు. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. ఉండి ఏం లాభం? కౌంటర్ దగ్గర నిలబడి సిగ్గుతో తల వంచుకుని ‘ఆడవాళ్ల ట్యూబు’ అంటే చాలు, పేపర్లో చుట్టి ఇచ్చేస్తారు.

అది ఈస్టేనని మనకు మనం అనుకోవడం కూడా ఎంత తప్పో చూడు. షాపులో తామే మందు కొనుక్కున్న ఆడవాళ్లను అమెరికాలో పరీక్షిస్తే మూడింట ఒక వంతు మందికే ఒట్టి ఈస్ట్ ఉంది. ఇది 2002 నాటి మాట. మిగతావాళ్లది వేరే ఏదో, కొందరికి ఏమీ లేదు. కాబట్టి మళ్లీ దురద, తెల్లబట్ట వస్తే ముందు స్వాబ్, ఆ తర్వాతే మందు. నిజంగా పదేపదే ఈస్టే వస్తోందని తేలితే వారానికోసారి ఫ్లూకోనజోల్ మాత్ర ఆరు నెలలు ఇచ్చే పద్ధతి ఉంది. కొత్త మంటలు పుట్టకుండా ఆపడం కూడా వైద్యమే. అయితే నీకు గర్భం వచ్చే అవకాశం ఉంటే ఆ మాత్ర వేసుకునే ముందు డాక్టరుకు చెప్పాలి.

ట్యూబుతో పాటు డెటాల్ నీళ్లు, వాసన సబ్బు, ‘లేడీస్ వాష్’ సీసాలు, పౌడరు, వాసన ప్యాడ్లు, రోజూ పెట్టుకునే లైనర్లు అన్నీ పక్కన పెట్టు. కడుక్కోవడానికి ఒట్టి నీళ్లు చాలు, అవి కూడా చల్లటివి. తుడుచుకోవడం రుద్దినట్టు కాదు, అద్దినట్టు. ఆ తర్వాత కొంచెం వేజలీనో కొబ్బరినూనో రాసుకుంటే మూత్రం తగిలినప్పుడు మండదు. ఇంట్లో నూలు లోదుస్తులు, రాత్రి అవి కూడా లేకుండా ఒట్టి నైటీ. లెగ్గింగ్స్, బిగుతు ప్యాంట్లు కొన్నాళ్లు వద్దు. రోజంతా జీన్స్ కుట్టేదానికి జీన్స్ వేసుకోవద్దని చెప్పాల్సి వస్తోంది! మిషన్ ముందు స్టూలు మీద మధ్యలో ఖాళీ ఉన్న దిండు వేసుకో, స్పాంజి కొని మధ్యలో కోసి కవరు నువ్వే కుట్టుకోగలవు. మంట బాగా ఎక్కువైన రోజు ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి లోదుస్తుల పైనుంచి పది నిమిషాలు పెట్టుకో, చర్మానికి నేరుగా వద్దు.

మీ అత్త చెప్పిన వేడి సంగతి, ఫోన్ చెప్పిన చెనక్కాయల సంగతి కలిపి చెప్తాను. చెనక్కాయల్లో, పాలకూరలో ఆక్సలేట్లు అనే లవణాలు ఉంటాయి, అవి మూత్రంలో దిగి ద్వారాన్ని మండిస్తాయని 1991లో ఒక డాక్టరు ఒక్క పేషెంటు అనుభవం రాశారు. అది ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. 1997లో ఎక్కువమందిని తీసుకుని చూస్తే ఆక్సలేట్లు ఈ జబ్బు పుట్టిస్తాయని తేలలేదు. అనంతపురం జిల్లాలో పుట్టి చెనక్కాయలు మానేస్తే ఎట్లా? తిను. కారం కూడా అంతే, తిన్న మర్నాడు మంట ఎక్కువవుతోందని నీకే స్పష్టంగా తెలిస్తే తగ్గించు, లేకపోతే సంగటిలోకి ఊరుబిండి లేకుండా కూర్చోవాల్సిన పని లేదు. మజ్జిగ, సబ్జా నీళ్లు మంచివే, మీ అత్త మాట కాదనకుండా తాగు. ఎండాకాలం నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి మండుతుంది కాబట్టి ఆవిడ చెప్పిందాంట్లోనూ కొంత ఉంది.

మూడోది మందులు. మామూలు ఒళ్లునొప్పుల మాత్రలు దీనికి పెద్దగా పని చేయవు, ఎందుకో ఇప్పుడు నీకు తెలుసు. నరాల కోసం అమీట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. షాపతను ‘ఇది డిప్రెషన్ మందు కదా’ అంటే బెదిరిపోకు. తక్కువ మోతాదులో ఇదే నరాల నొప్పికి వాడతాం. నోరెండిపోవడం, పొద్దున మత్తుగా ఉండటం ఉంటాయి, కరెంటు మిషన్ మీద పని కాబట్టి మొదటి వారం జాగ్రత్త. హఠాత్తుగా మానకూడదు. పిల్లల కోసం చూస్తున్నామని ముందే చెప్పు. లిగ్నోకెయిన్ ఆయింట్‌మెంట్ కొందరికి పైపైన తిమ్మిరెక్కించి ఊరటనిస్తుంది. దాచకుండా చెప్తున్నాను, ఈ మందులు అందరికీ పని చేయవు. 2018లో నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ మాత్రను ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే నొప్పి తగ్గించడంలో తేడా రాలేదు. అందుకే ఒక్క మాత్ర మీదే ఆశ పెట్టుకోవద్దు. ఏదీ పని చేయనప్పుడు నొప్పి పలికే ఆ వలయాన్ని తీసేసే ఆపరేషన్ ఒకటి ఉంది. అది చిట్టచివరి మాట, ఇప్పుడు దాని గురించి ఆలోచించకు.

నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది కండరాల వైద్యం మీద. కెనడాలో 212 మందిని రెండు గుంపులు చేసి పది వారాలు ఒక గుంపుకు ఫిజియోథెరపీ, ఇంకో గుంపుకు రాత్రిపూట లిగ్నోకెయిన్ ఇచ్చి చూశారు. 2021లో ఫలితాలొచ్చాయి, ఫిజియోథెరపీ బాగా నెగ్గింది. మన జిల్లాల్లో ఈ పని ప్రత్యేకంగా నేర్చిన లేడీ ఫిజియోథెరపిస్టులు చాలా తక్కువ. అయినా పెద్దాసుపత్రి ఫిజియోథెరపీలో అడుగు, కనీసం కండరం వదులు చేసుకోవడం నేర్పిస్తారు. ఈలోగా ఇంట్లో చేసుకోదగ్గది ఒకటి చెప్తాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పక్కలకు వదిలేయ్, కింద దిండ్లు పెట్టుకో. చెయ్యి బొడ్డు మీద. ముక్కుతో మెల్లగా గాలి పీలిస్తే చెయ్యి పైకి లేవాలి, అదే సమయంలో మూత్రం పోయడం మొదలుపెట్టేటప్పుడు కింద ఎలా వదులవుతుందో అలా వదిలేయ్. ముక్కకూడదు, ఊరికే వదలడమే. రోజూ రెండు పూటలా ఐదేసి నిమిషాలు. ఇంకో జాగ్రత్త, యూట్యూబ్‌లో ఆడవాళ్ల సమస్య ఏదైనా కీగల్ వ్యాయామం అంటారు. అది కండరాన్ని బిగించే వ్యాయామం. వదులైన కండరానికి మంచిది, నీలా బిగుసుకున్నదానికి నొప్పి పెంచుతుంది. చేస్తుంటే ఆపేయ్.

ఇక మీ ఆయన. అతని గురించి నువ్వు ఒక్క వాక్యమే రాశావు, అందులో కోపం కనపడలేదు, అది మంచి సంగతే. కోసినట్టుంటుందని అతనికి చెప్పావా, లేక పళ్లు బిగపట్టి ఊరుకుంటున్నావా? ఊరుకుంటే రెండు నష్టాలు. ప్రతి కలయికా ఆ నరాలకు, కండరాలకు కొత్త పాఠం నేర్పుతుంది. రెండోది, నువ్వు ముడుచుకుపోతుంటే తనంటే ఇష్టం లేదని అతను అనుకుంటాడు. ‘నాకు నువ్వంటే ఇష్టమే. అక్కడ నరాల జబ్బు వచ్చింది, మందు వాడుతున్నా, తగ్గేదాకా లోపలికి వద్దు’ అని చెప్పు. దగ్గరగా పడుకోవడానికి, ముద్దుకి, ముచ్చటకి ఈ జబ్బు అడ్డం కాదు. చెప్పలేకపోతే దూది పుల్ల పరీక్ష రోజు అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరు చేతే చెప్పించు. మగవాళ్లు డాక్టరు మాట త్వరగా నమ్ముతారు, ఏం చేస్తాం. చెప్పినా వినకుండా బలవంతం చేస్తుంటే అది వేరే సమస్య, దానికి ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 నంబరుంది.

పిల్లలు పుడితే పోతుందన్న మాట మర్చిపో. కాన్పు ఈ జబ్బుకు మందు కాదు. పిల్లల కోసమని నొప్పి భరించాల్సిన అవసరమూ లేదు. కలయిక లేకుండానే డాక్టర్లు వీర్యాన్ని గర్భసంచిలోకి పంపే ఐయూఐ పద్ధతి ఉంది, తొందరగా ఉంటే దాని గురించి అడగొచ్చు. 27 ఏళ్లకు ఇంకో ఆరు నెలలు ముందు ఈ మంట సంగతి చూసుకుంటే కొంపలేమీ మునగవు. మీ అత్తకు ‘లోపల పుండు మానేదాకా ఆగమన్నారు’ అని చెప్పుకో. పచ్చి నిజం కాదు గానీ ఇంట్లో గొడవ తగ్గుతుంది.

ఎన్నాళ్లు పడుతుందని అడగలేదు గానీ అడుగుతావు. వారాల్లో కాదు, నెలల్లో. మొదటి మార్పు చాలామందికి కూర్చోవడంలో తెలుస్తుంది, కలయిక చివరగా వస్తుంది. మధ్యలో నెలసరి ముందో, ఎండకో, పని ఎక్కువైన వారమో మళ్లీ ఎగసిపడుతుంది. మందు పని చేయలేదని అప్పుడు మానేయకు.

డాక్టరు ముందు నోరు పెగలకపోతే ఈ నాలుగు మాటలూ కాగితం మీద రాసుకెళ్లి చేతికివ్వు: ‘ద్వారం దగ్గర మంట మూడు నెలలు దాటింది. ముందు పదేపదే ఈస్ట్ వచ్చింది, ఫలానా ట్యూబులు వాడాను. తాకితే నొప్పి, కూర్చుంటే మంట. వల్వోడీనియా అనే అనుమానంతో దూది పుల్ల పరీక్ష చేయండి, చర్మ జబ్బు ఉందేమో చూడండి, షుగర్ రాయండి.’ వాడిన ట్యూబులు ఖాళీవైనా సరే అన్నీ ఒక కవర్లో వేసుకెళ్లు. ఏ స్టెరాయిడ్ ఎంతకాలం పూశావో వాటిని చూస్తేనే తెలుస్తుంది.